మిత్సుకోషి: ముందు గుమ్మం, వెనక గుమ్మం

దుబాయ్‌లో కొట్లు రెండు రకాలు. ధర చీటీ ఉన్నవి, లేనివి. మాల్‌లోకి వెళితే చొక్కా కాలరుకి వేలాడే చీటీ మీద ఎంత రాసి ఉందో అంతే. కొనేవాడు షేక్ అయినా, సైటులో ఇనప చువ్వలు వంచే మనిషి అయినా అంతే. అదే నాయిఫ్ సూక్‌కో, బర్ దుబాయ్ బట్టల బజారుకో వెళితే కథ వేరు. కొట్టువాడు ముందు మన మొహం చూస్తాడు, తర్వాత కాళ్లకున్న చెప్పులు చూస్తాడు, పక్కన ఇంట్లోవాళ్లు ఉన్నారో లేదో చూస్తాడు. ఇవన్నీ మనసులో కూడుకుని అప్పుడు ఒక అంకె చెప్తాడు. మనకిది కొత్తేం కాదు లెండి. సుల్తాన్ బజార్లోనో, బెజవాడ బీసెంట్ రోడ్డులోనో చెప్పిన ధరలో సగం దగ్గర బేరం మొదలుపెట్టే అమ్మల పక్కన నిలబడి పెరిగినవాళ్లమే కదా!

అందుకే వస్తువు మీద ధర రాసి పెట్టడం అనేది గాలీ నీరూ లాగా మొదటినుంచీ ఉన్నది కాదని మనకి బాగానే తెలుసు. దాన్ని ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. చాలామంది ఆ ఘనత పారిస్ వాళ్లకి ఇస్తారు. బాన్ మార్షే అనే కొట్టు 1852 తర్వాత బూసికో అనే ఆయన చేతికొచ్చాక అలా పెరిగింది, నిజమే. కానీ అంతకి దాదాపు రెండు వందల ఏళ్ల ముందే ఒక జపాన్ బట్టల కొట్టు ఈ పని చేసింది. ఆ కొట్టు ఇప్పటికీ ఉంది. పేరు మిత్సుకోషి. దాని కథ చదువుతుంటే నాకు మాటిమాటికీ ఇక్కడి బజార్లూ, నేను చేసే పనీ గుర్తుకొచ్చాయి. అందుకే ఇది రాస్తున్నాను.

కథ మొదలయ్యేది ఎదోలో కాదు (ఇప్పటి టోక్యోని అప్పట్లో ఎదో అనేవారు), మత్సుసాక అనే చిన్న ఊళ్లో. అక్కడ మిత్సుయి వాళ్ల ఇంట్లో తాకట్టు వ్యాపారం, సారా వ్యాపారం ఉండేవి. ఆ ఇంటి యజమానురాలు షుహో. వ్యాపారం నిలబెట్టింది ఆవిడేనని మిత్సుయి వంశంవాళ్లే చెప్పుకుంటారు. ఆవిడ చిన్న కొడుకు తకతోషి, 1622లో పుట్టాడు. పద్నాలుగేళ్లకి ఎదోలో అన్నగారి బట్టల కొట్లో పనికి చేరాడు. బాగా పైకొస్తున్నాడు అనుకునేసరికి ఇరవై ఎనిమిదేళ్ల వయసులో తల్లిని చూసుకోవడానికి వెనక్కి రావలసి వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకి పైగా ఊళ్లోనే వడ్డీ వ్యాపారం చేసుకుంటూ, కొడుకుల్ని పెంచుకుంటూ గడిపాడు. అన్నగారు 1673లో పోయాక, తనకి యాభై దాటాక, ఎదోలో సొంత కొట్టు తెరిచాడు. పేరు ఎచిగోయ. తాతగారికి ఉన్న ఎచిగో అనే బిరుదు మీద పెట్టిన పేరు అది. తను మాత్రం ఎదోకి మారలేదు. కొడుకుల్ని అక్కడ కూర్చోబెట్టి, తను దూరం నుంచే నడిపించాడు. పట్టుబట్టలు నేరుగా కొనడానికి క్యోటోలో ఇంకో కొట్టు పెట్టాడు.

కాలం అర్థం కావాలంటే ఒక గుర్తు: తానీషా గోల్కొండ గద్దె ఎక్కిన మరుసటి ఏడాది ఇది. మన మచిలీపట్నం రేవు నుంచి అద్దకం బట్టలు ఓడలెక్కి ఇటు పర్షియాకీ అటు తూర్పు దేశాలకీ పోతున్న రోజులు. జపాన్‌లోకి యూరప్‌వాళ్లలో డచ్చివాళ్లు మాత్రమే, అదీ నాగసాకి రేవులోని ఒక చిన్న దీవి వరకే రాగలిగేవారు. వాళ్లు తెచ్చే కోరమాండల్ అద్దకాన్ని జపాన్‌వాళ్లు సరస అని పిలిచి ముచ్చటపడి దాచుకునేవారు. అంటే అప్పటికి బట్టల వ్యాపారంలో మనవాళ్లు కూడా ప్రపంచ బజార్లో ఉన్నవాళ్లే.

సరే, అప్పట్లో ఎదోలో బట్టలు ఎలా అమ్మేవారు? పెద్ద వర్తకులు మామూలు జనం కోసం కొట్టు తెరిచి ఉంచేవారు కాదు. నమూనాలు పట్టుకుని ప్రభువుల ఇళ్లకీ డబ్బున్నవాళ్ల ఇళ్లకీ తిరిగేవారు. లేదా ముందు అడిగి తెలుసుకుని, తర్వాత సరుకు ఇంటికి పట్టుకెళ్లేవారు. డబ్బు అప్పటికప్పుడు రాదు. అంతా అరువే. ఏడాదికి రెండుసార్లు, నడి వేసవి పండగకీ ఏడాది చివరికీ లెక్క తేల్చేవారు. ఏడాదికి ఒక్కసారే ఇచ్చే మహానుభావులు కూడా ఉండేవారు. ఆర్నెల్లు డబ్బు ఇరుక్కుపోతే వడ్డీ ఎవరు కట్టాలి? ఎగ్గొట్టినవాడి బాకీ ఎవరు మోయాలి? అదంతా ధరలోనే కలిపేసేవారు. పైగా మనిషిని బట్టి ధర. బట్ట కూడా తాను మొత్తం కొనాలి. ఒక తాను అంటే ఒక కిమోనోకి సరిపడే బట్ట. సగం తాను కావాలంటే ఇచ్చేవాడు లేడు.

తకతోషి వీటన్నిటినీ ఒకేసారి తిరగేశాడు. ఇంటికి తిరగడం లేదు, మీరే కొట్టుకి రండి. అరువు లేదు, నగదు. పెంచి చెప్పడం లేదు, బేరం లేదు, అందరికీ ఒకటే ధర. తాను అక్కర్లేదు, ఎంత కావాలంటే అంత కత్తిరించి ఇస్తాం. తొందరలో ఉంటే అక్కడే కుట్టించి ఇస్తాం. మన ఊళ్లలో 'ఈ రోజు నగదు, రేపు అరువు' అని బోర్డు ఉంటుంది చూశారూ, దాదాపు అలాంటి మాటే వాళ్ల గుమ్మం మీదా ఉండేది: నగదు, తక్కువ ధర, పెంచి చెప్పేది లేదు.

ఇందులో అసలు కిటుకు ఏమిటని కాసేపు ఆలోచించాను. అరువు తీసేస్తే ధర తగ్గుతుంది, ధర తగ్గితే జనం వస్తారు, అది తెలిసిందే. నాకు ఇంకా నచ్చింది వేరే ఉంది. బేరం ఆడాలంటే గుమాస్తా ఆరితేరి ఉండాలి. సరుకు అసలు ధర తెలియాలి, మనిషిని అంచనా కట్టగలగాలి, ఎంతవరకు దిగొచ్చో తెలియాలి. అలాంటివాడు తయారవడానికి పదేళ్లు పడుతుంది, తయారయ్యాక వాడే పక్క వీధిలో కొట్టు పెట్టుకుంటాడు! ధర రాసి ఉంటే నిన్న చేరిన కుర్రాడు కూడా అమ్మగలడు. అంటే యజమాని నైపుణ్యం గుమాస్తా బుర్రలోంచి చీటీ మీదకి మారింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, మనిషిలో ఉన్న లాజిక్‌ని తీసుకెళ్లి టేబుల్లో పెట్టారు. ఇక పది మంది గుమాస్తాలున్నా వంద మందున్నా కొట్టు నడుస్తుంది. ఒక్కొక్క రకం బట్టకి ఒక్కొక్క గుమాస్తాని పెట్టి ఎచిగోయ ఎలా నడిచేదో ఇహార సైకాకు అనే రచయిత 1688లోనే రాశాడు. డిపార్ట్‌మెంట్ అనే మాట పుట్టకముందే డిపార్ట్‌మెంట్లు వచ్చేశాయన్న మాట.

పక్క కొట్లవాళ్లు ఊరుకుంటారా? గుమాస్తాల్ని లాక్కున్నారు, సరుకు రాకుండా చూశారు. చివరికి ఎచిగోయ వంటింటి వైపు మురుగు పారేలా మరుగుదొడ్డి కట్టారని కూడా మిత్సుయి వాళ్ల చరిత్రలో ఉంది. 1682 చివర్లో ఎదోలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. దాంతో 1683లో కొట్టు సురుగచో అనే వీధికి మారింది. మారగానే ఊరంతా కరపత్రాలు పంచారు. వాన పడితే కొట్టు గుర్తు వేసిన గొడుగులు జనానికి ఎరువిచ్చేవారు. వాన రోజున ఊరంతా ఎచిగోయ గొడుగులే, అంతకంటే చవకైన ప్రకటన ఏముంటుంది! అదే సమయంలో కొట్టు పక్కనే డబ్బు మార్చే వ్యాపారం కూడా పెట్టారు. అది ఎదిగి ఎదిగి 1876లో మిత్సుయి బ్యాంకు అయింది. హొకుసాయి, హిరోషిగె ఇద్దరూ ఫూజీ కొండ వెనక కనిపిస్తుండగా ఈ వీధిని బొమ్మలు వేశారు. బట్టల కొట్టు ఊరి బొమ్మలో భాగమైపోయింది.

రెండు వందల ఏళ్లు ఇలా గడిచాక మెయిజీ కాలం వచ్చింది. 1872లో బట్టల వ్యాపారాన్ని మిగతా మిత్సుయి వ్యాపారాల నుంచి విడదీశారు. మిత్సుయిలో మిత్సు, ఎచిగోయలో మొదటి అక్షరం (దానికే కోషి అనే ఇంకో చదువు ఉంది) కలిపి మిత్సుకోషి అన్నారు. 1904 డిసెంబరులో కంపెనీగా పెట్టి, 1905 జనవరి 2న పత్రికల్లో ప్రకటన ఇచ్చారు: ఇక మేము బట్టలే కాదు, అన్నీ అమ్ముతాం, అమెరికాలోలాగా డిపార్ట్‌మెంట్ స్టోర్ అవుతాం అని. దాన్ని నడిపించిన హిబి ఓసుకే 1906లో లండన్ వెళ్లి హారడ్స్ చూసొచ్చాడు. 1914లో నిహోంబాషిలో కొత్త భవనం లేచింది. లోపల ఎస్కలేటర్, గుమ్మానికి రెండు పక్కలా కంచు సింహాలు. ఆ సింహాలకి నమూనా లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లోవి.

అన్నట్టు, అంత ఆధునికమైన భవనంలోకి కూడా అప్పట్లో చెప్పులు విడిచే వెళ్లేవారు. వేల మంది చెప్పులు తీసుకుని, టోకెన్ ఇచ్చి, మళ్లీ ఎవరివి వాళ్లకి ఇవ్వాలి. మన గుళ్ల దగ్గర చెప్పుల స్టాండు గుర్తొచ్చిందా? 1923 సెప్టెంబరు 1న వచ్చిన పెద్ద భూకంపంలో, మంటల్లో నిహోంబాషి అంతా కాలిపోయింది. మళ్లీ కట్టుకున్నాక చెప్పులతోనే లోపలికి రమ్మన్నారు. దాంతో పనిమీద పోతూ పోతూ ఊరికే తొంగిచూసేవాళ్లు కూడా లోపలికి వచ్చారు. 1932లో భూగర్భ రైలు వచ్చినప్పుడు స్టేషను కట్టే ఖర్చు మిత్సుకోషి పెట్టుకుంది. ఆ స్టేషను పేరు ఇప్పటికీ మిత్సుకోషి-మాయె, అంటే 'మిత్సుకోషి ఎదుట'. మాల్స్ పేర్లతో స్టేషన్లున్న దుబాయ్ మెట్రోలో తిరిగే మాకు ఇదేమీ వింతగా అనిపించదు. 2009లో మొదలైన ఈ మెట్రోని కట్టినవాళ్లలో జపాన్ కంపెనీలే ఎక్కువ, అది వేరే సంగతి.

జపాన్‌కీ ఈ ఎడారికీ బట్టల చుట్టరికం కూడా ఉంది. ఇక్కడి మగవాళ్లు వేసుకునే తెల్లటి కందూరాలకి మంచి బట్ట అంటే జపాన్ బట్టే అని పేరు, తొయోబో లాంటి మిల్లుల పేర్లు దర్జీలకి నోటికొచ్చు. డెబ్బైల్లో, ఎనభైల్లో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వచ్చినవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు పెట్టెల్లో ఏం తీసుకెళ్లేవారు? జపాన్ టేప్‌రికార్డరు, ఫారిన్ చీర. ఆ చీర కట్టుకుని పెళ్లికి వెళ్తే ఊరంతా పట్టుకుని చూసేవాళ్లు.

ఇక్కడ డిపార్ట్‌మెంట్ స్టోర్ అనేదాన్ని తెచ్చింది మాత్రం జపాన్‌వాళ్లు కాదు, మన సింధీలు. రావు సాహిబ్ జషన్మల్ 1919లో ఇరాక్‌లోని బస్రాలో మొదటి కొట్టు పెట్టాడు. అక్కణ్ణించి కువైట్, ఆపైన మిగతా గల్ఫ్ ఊళ్లు. దుబాయ్‌కి 1956లో వచ్చారు. అప్పటికి ఇక్కడ మొదటి బ్యాంకు వచ్చి పదేళ్లే అయింది, చమురు ఇంకా దొరకలేదు, చలామణిలో ఉన్నది మన రూపాయే. దిర్హమ్ వచ్చింది 1973లో. ఆ తర్వాత 1981లో అల్ గురైర్ సెంటర్, 1995లో డేరా సిటీ సెంటర్, 2005లో మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్, 2008లో దుబాయ్ మాల్... ఒకదాన్ని మించి ఒకటి. దుబాయ్ మాల్‌తోపాటే జపాన్ పుస్తకాల కొట్టు కినోకునియా వచ్చింది. అంతకు ముందే దైసో వచ్చింది. జపాన్‌లో వంద యెన్లకి ఏదైనా అమ్మిన కొట్టు అది, ఇక్కడ చాలాకాలం ఎక్కువ వస్తువులు ఏడు దిర్హమ్‌లకి అమ్మింది. మనిషికో ధర పోయి, వస్తువుకో ధర వచ్చి, చివరికి కొట్టు మొత్తానికి ఒకే ధర! తకతోషి చూస్తే నవ్వుకునేవాడేమో.

సరదాగా చెప్తున్నాను గానీ ధర చీటీ విలువ తెలియాలంటే శుక్రవారం సాయంత్రం లేబర్ క్యాంపుల వైపు నుంచి బస్సుల్లో వచ్చే మనవాళ్లని చూడాలి. జగిత్యాల నుంచి వచ్చిన కుర్రాడికి అరబ్బీ రాదు, హిందీ అంతంతమాత్రం, ఇంగ్లీషు అసలు లేదు. బేరం అంటే మాట. మాట లేనివాడు బేరంలో ఓడిపోతాడు. కూతురికి గౌను కొనాలంటే చీటీ మీద అంకె చదువుకుంటాడు, జేబులో నోట్లు లెక్కపెట్టుకుంటాడు, అంతే. ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎవరూ వాడి చెప్పుల వంక చూడరు. తెలియని ఊళ్లో, తెలియని మనిషికి కూడా అదే ధర అని రాసిపెట్టడం చిన్న మర్యాద కాదు. నా మటుకు నేను దాన్ని చాలా పెద్ద మర్యాద కింద లెక్కేస్తాను.

అలాగని పాత పద్ధతిలో అంతా మోసమే అనుకోనక్కర్లేదు. ఇక్కడ ప్రతి వీధి మూలా ఒక బకాలా ఉంటుంది, అంటే చిన్న కిరాణా కొట్టు. ఎక్కువగా మలయాళీ అన్నలు నడుపుతారు. నెల చివర జీతం రానప్పుడు పాల ప్యాకెట్టూ రొట్టె ముక్కా ఇచ్చి పుస్తకంలో రాసుకునేది ఆ అన్నే. సూపర్ మార్కెట్ మిషను అలా రాసుకోదు. మన ఊళ్లో శెట్టిగారి కొట్లో ఖాతా ఉన్నట్టే. ఆయన ధర నాలుగు రూపాయలు ఎక్కువే వేస్తాడు, కానీ ఇంట్లో జబ్బుపడితే బాకీ అడగడు. ఎచిగోయ అరువు తీసేసినప్పుడు ధరతోపాటు ఇది కూడా పోయింది. జపాన్‌లో 1920ల్లో, 30ల్లో చిన్న కొట్లవాళ్లు డిపార్ట్‌మెంట్ స్టోర్ల మీద గట్టిగా గొడవ చేశారు. దాంతో కొత్త శాఖ పెట్టాలన్నా ఉన్నది పెంచాలన్నా ప్రభుత్వం అనుమతి కావాలని 1937లో చట్టమే వచ్చింది.

ఇప్పటిదాకా చెప్పింది ముందు గుమ్మం కథ. పెద్ద కొట్టుకి వెనక ఇంకో గుమ్మం ఉంటుంది. సరుకు దిగేది, బండివాళ్లు వచ్చేది, బిల్లులు పట్టుకుని సప్లయర్లు నిలబడేది అక్కడ. ముందు గుమ్మంలో 'అందరికీ ఒకటే ధర' అన్న కొట్టు వెనక గుమ్మంలో ఎలా ఉంది? మిత్సుకోషి కథలో నన్ను ఆపేసింది ఈ భాగమే.

1972లో ఓకాడా షిగెరు అనే ఆయన అధ్యక్షుడయ్యాడు. ఆయన హయాంలో సప్లయర్లని పిండటం మొదలైంది. కొట్టు అమ్మదలచిన వస్తువులు సప్లయర్లే కొనాలి. మిత్సుకోషి పెట్టుబడి పెట్టిన సినిమాకి టిక్కెట్లు సప్లయర్లే కొనాలి. కొట్టు పండగలకీ మరమ్మతులకీ చందాలు వాళ్లే ఇవ్వాలి. ఇవ్వనంటే సరుకు తీసుకోరు. ముందు గుమ్మంలో మాయమైన 'మనిషిని బట్టి ధర' వెనక గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చేసింది. బలం ఉన్నవాడు బలం లేనివాడి దగ్గర అడిగినంత. జపాన్‌లో పోటీ వ్యవహారాలు చూసే ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 1979లో దీన్ని పట్టుకుంది. బలాన్ని దుర్వినియోగం చేస్తున్నారని చెప్పి, 1982లో ఆ పద్ధతులు ఆపించింది.

ఈ వెనక గుమ్మంలో నిలబడినవాళ్లలో యమాతో అనే రవాణా కంపెనీ ఒకటి. మిత్సుకోషి సామాన్లు కొన్నవాళ్ల ఇళ్లకి చేరవేసే పని 1923 నుంచీ వాళ్లదే. అలాంటి పాతకాపుకి కూడా కిరాయి తగ్గించారు, బళ్లు నిలిపినందుకు డబ్బు అడిగారు, సినిమా టిక్కెట్లు అంటగట్టారు. యమాతో అధిపతి ఓగురా మసావో కొన్నేళ్లు ఓర్చుకున్నాడు. 1979లో మిత్సుకోషితో యాభై ఏళ్లు దాటిన సంబంధం తెంచేసుకున్నాడు. అతిపెద్ద ఖాతాదారుల్లో ఒకడిని వదులుకోవడమంటే మాటలా!

ఇక ముందు గుమ్మం సంగతి. 1982 ఆగస్టులో నిహోంబాషి కొట్లో ప్రాచీన పర్షియా నిధుల ప్రదర్శన పెట్టి అమ్మకానికి ఉంచారు. నేను ఉంటున్న చోటికి సముద్రం అవతలి ఒడ్డు పర్షియాయే, అందుకే ఆ మాట దగ్గర నా కళ్లు ఆగాయి. తీరా చూస్తే అందులో చాలావరకు నకిలీవని తేలింది. పెంచి చెప్పేది లేదని మూడు వందల ఏళ్ల కింద బోర్డు పెట్టిన కొట్టు! సెప్టెంబరు 22న బోర్డు సమావేశంలో ఓకాడాని తీసేయాలని ప్రతిపాదన వచ్చింది. ఒక్కరు కూడా ఆయన పక్షాన లేవలేదు. 'ఎందుకు?' అని ఆయన అడిగిన ఒక్క మాట జపాన్‌లో ఆ ఏడాదంతా జనం నోళ్లలో నానింది. తర్వాత కంపెనీ డబ్బు సన్నిహితురాలి వ్యాపారానికి మళ్లించాడన్న కేసులో అరెస్టయ్యాడు, కింది కోర్టులు శిక్ష వేశాయి.

నాకు ఈ భాగం మనసుకి పట్టడానికి కారణం ఉంది. నా పనంతా వెనక గుమ్మంలోనే. పెద్ద రిటైల్ కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం మేము. ఆ డేటాబేసులో ధరల టేబుల్ చూస్తే ముచ్చటేస్తుంది. ఒక వస్తువుకి ఒకే వరస, ఒకే ధర, కొనేవాడెవడో దానికి అక్కర్లేదు. అదే సప్లయర్ల టేబుల్ తెరవండి. ఒకరికి ముప్పై రోజుల్లో డబ్బు, ఇంకొకరికి తొంభై రోజులు, వేరొకరికి నూట ఇరవై. అలమరలో చోటు ఇచ్చినందుకు ఇంత, కొత్త వస్తువు పెట్టినందుకు ఇంత, ఏడాది చివర రిబేటు ఇంత. ఎవరికి ఏ షరతు అనేది వాళ్ల సరుకు నాణ్యతని బట్టి కాదు, వాళ్ల బలాన్ని బట్టి. పెద్ద అంతర్జాతీయ బ్రాండుకి ముప్పై రోజులు, షార్జాలో అప్పడాలు చేసి అమ్మే చిన్న కంపెనీకి నూట ఇరవై. ఎదోలో ప్రభువులు ఏడాదికి రెండుసార్లు బాకీ తీర్చినట్టే! అరువు ఎక్కడికీ పోలేదు, ముందు గుమ్మం నుంచి వెనక్కి మారింది, అంతే.

మేమూ ఆ టేబుల్లో ఒక వరసే. ఒక పెద్ద క్లయింటు దగ్గర (పేరు వద్దు లెండి) పని పూర్తయి, సంతకాలయ్యాక మా బిల్లు అయిదు నెలలు ఆగింది. అడిగిన ప్రతిసారీ 'ప్రాసెస్‌లో ఉంది' అనే మాట. మాది పాతికమంది కంపెనీ. యజమాని అప్పు తెచ్చి జీతాలిచ్చాడు, ఒక నెల సగమే ఇవ్వగలిగాడు. ఆ నెల మా టెస్టింగ్ కుర్రాడు ఊళ్లో ఇంటి వాయిదా కట్టలేక మా అందరి దగ్గరా తలా కొంత తీసుకున్నాడు. ఆ క్లయింటు కొట్లలో అదే వారం పెద్ద సేల్ నడుస్తోంది, ప్రతి చీటీ మీదా ఎర్ర అక్షరాల్లో తగ్గించిన ధర. కొనేవాళ్లకి అది చవక. ఆ చవకలో కొంత భాగం మా కుర్రాడు కట్టలేకపోయిన వాయిదా అని చీటీ మీద ఉండదు కదా.

అందుకే ఇప్పుడు ఏ పెద్ద కొట్టుని మెచ్చుకోవాలన్నా నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. కొనేవాడికి అందరితో సమానంగా ధర చెప్తున్నారా? అమ్మేవాడికి చెప్పిన రోజున డబ్బు ఇస్తున్నారా? మొదటిదానికి చీటీ ఉంది, చట్టాలున్నాయి, కస్టమర్ కేర్ ఉంది. రెండోదానికి ఎక్కువ చోట్ల ఒక ఈమెయిలూ, ఒక నమస్కారమూ మాత్రమే ఉన్నాయి. నాకు తెలిసి తకతోషి గొప్పతనం ధర తగ్గించడంలో లేదు. తెలియని మనిషిని కూడా బలహీనుడిగా చూడకపోవడంలో ఉంది. ఆ సూత్రాన్ని ఒక గుమ్మానికి పెట్టి రెండో గుమ్మానికి పెట్టకపోతే అది సూత్రం కాదు, ప్రకటన.

జపాన్‌లో డిపార్ట్‌మెంట్ స్టోర్ల అమ్మకాలు 1991లో దాదాపు 9.7 లక్షల కోట్ల యెన్లతో శిఖరానికి చేరి, అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టాయి. 2020లో, కోవిడ్ ఏడాది, 4.2 లక్షల కోట్లకి పడిపోయాయి. మిత్సుకోషి 2008లో ఇసెతాన్ అనే ఇంకో పాత సంస్థతో కలిసింది. 2009లో ఇకెబుకురో కొట్టు, 2021లో ఎబిసు కొట్టు మూతపడ్డాయి. నిహోంబాషి భవనాన్ని మాత్రం 2016లో దేశ సాంస్కృతిక సంపదగా గుర్తించారు. గుమ్మం దగ్గర సింహాలు ఇంకా కూర్చునే ఉన్నాయి.

మరి యమాతో ఏమైంది? ఓగురా 1976 జనవరి 20న ఒక కొత్త సేవ మొదలుపెట్టాడు. పెద్ద కంపెనీల సరుకు కాదు, మామూలు ఇళ్ల పార్సెళ్లు చేరవేయడం. మొదటి రోజు వచ్చినవి పదకొండే. కిరాయి ఎంతో గృహిణికి ముందే తెలియాలి, బేరం ఉండకూడదు అని ప్రాంతానికి ఇంత అని ఒకే ధర పెట్టాడు. మిత్సుకోషిని వదులుకున్నాక దీన్నే నమ్ముకున్నాడు. ఈ రోజు జపాన్‌లో ఆ నల్ల పిల్లి గుర్తు బండి వెళ్లని ఊరు దాదాపు లేదు. ఎచిగోయ గుమ్మం మీద తకతోషి రాసిన మాటని చివరికి ఆ కొట్టు వెనక గుమ్మంలో నిలబడ్డ బండివాడే ఎత్తుకుని నడిచాడు.